ముత్తవ్వ ముఖానికి సరైన నలుపు

నలుపు తెలుపు ఫోటోలో రెండే రంగులుంటాయని మా తరగతిలో చాలామంది అనుకుంటారు. పేరే అట్లా ఉంది కాబట్టి వాళ్ళని ఏమీ అనలేం. నిజానికి మంచి నలుపు తెలుపు ఫోటోలో పూర్తి నలుపు కొంచెమే ఉంటుంది, పూర్తి తెలుపు ఇంకా కొంచెం. మిగిలిందంతా బూడిద రంగే. కంప్యూటరు మామూలుగా ఈ బూడిదని 256 మెట్లుగా లెక్కపెడుతుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెల్ల కాగితం. మనిషి ముఖం, చీర కుచ్చెళ్ళు, వెనక తెర మీద బొమ్మ అన్నీ ఈ నడిమి మెట్ల మీదే ఉంటాయి. ఆ మెట్లు కాగితం మీద విడివిడిగా కనిపిస్తే ప్రింటు బాగున్నట్టు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే బాగాలేనట్టు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు సంక్రాంతి నుంచి ఆడి నెల దాకా పట్టింది. మన బడిలో చదివేవాళ్ళ ఇండ్లలో ఇట్లాంటి పాత ఫోటోలు చాలా ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

మా అవ్వ అంటే నాయనకి అమ్మ. వయసు డెబ్బై అయిదు దాటింది. ఆమె దగ్గర వాళ్ళమ్మది ఒకే ఒక్క ఫోటో ఉంది. నాకు ముత్తవ్వ అవుతుంది. ఫోటో రెండంగుళాల వెడల్పు, మూడంగుళాల పొడవు, అంతే. తేరు పండగకి పల్లె నుంచి హోసూరు వచ్చినప్పుడు ఒక స్టూడియోలో తీయించుకున్నారట. వెనక సంవత్సరం ఎవరూ రాసిపెట్టలేదు. అప్పుడు మా పెద్దనాయన కడుపులో ఉన్నాడు కాబట్టి 1968 అని అవ్వ లెక్క. ముత్తవ్వ రాగి చేలల్లో కూలికి పోయిన మనిషి. బాగా నలుపు. ముదురు అంచు ఉన్న తెల్ల చీర కట్టుకుని, చెవులకి కమ్మలు పెట్టుకుని, కెమెరా వైపు కోపంగా చూస్తున్నట్టు నిలబడింది. కోపం కాదు, కండ్లు ఆర్పకూడదని ఫోటో తీసేవాడు చెప్పినాడని అవ్వ అంటుంది.

రెండేళ్ళుగా అవ్వకి గ్లాకోమా. పెద్దవాళ్ళు నీటికాసులు అంటారు. శుక్లం అయితే ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది. ఇది అట్లా కాదు, పోయిన చూపు తిరిగి రాదు. రోజూ చుక్కల మందు వేసుకుని ఉన్నదాన్ని నిలుపుకోవాలి. సంక్రాంతికి గోడ మీద ఫోటోలన్నీ దించి తుడుస్తుంటే అవ్వ ఈ చిన్న ఫోటోని తలుపు దగ్గరికి తీసుకుపోయి, అటు తిప్పి ఇటు తిప్పి, “మాయమ్మ మొకం ఆనడం లేదు మే” అంది. అప్పుడు నాయన దీన్ని పెద్దది చేయిద్దాం అన్నాడు.

మొదట బజారులో ఒక ఫోటో షాపుకి ఇచ్చాం. పేరు అవసరం లేదు. వాళ్ళు ఫోన్‌తో ఆ ఫోటోకి ఫోటో తీసుకుని, నాలుగు రోజుల తర్వాత పెద్ద ప్రింటు ఇచ్చారు. మెరిసే కాగితం, బంగారు అంచు ఫ్రేము. చూడగానే అందరం బాగుందనే అన్నాం. అవ్వ ఒక్కతే మాట్లాడలేదు. కాసేపటికి, “ఎవురో దొరసాని. మాయమ్మ కాదు” అని పక్కన పెట్టేసింది.

అవ్వకి చూపు లేక అట్లా అంటోందని అనుకోవచ్చు. కానీ పాత ఫోటో పక్కన పెట్టి చూస్తే అవ్వ మాటే నిజం. షాపువాళ్ళు ముఖాన్ని తెల్లగా చేసేశారు. బుగ్గల మీద గీతలు లేవు. దవడ కింద కొడవలి తగిలిన మచ్చ ఉండాలి, అది లేదు. వెనక తెరని తీసేసి తెల్ల మబ్బులు పెట్టారు. వాళ్ళ లెక్కలో అది టచప్. అందరూ అట్లానే అడుగుతారంట, తెల్లగా చేయకపోతే డబ్బులు ఇవ్వరంట. అది కూడా నిజమే కావచ్చు. మా ఇంట్లో పెండ్లి ఫోటోలు చూసినా ఒక్కరూ తమ రంగులో లేరు.

ఇంకొకటి కూడా గమనించాను. ఆ ప్రింటు వాకిట్లో ఎండకి ఒక రకంగా, లోపల ట్యూబులైటు కింద ఇంకో రకంగా ఉంది. ఎండలో కొంచెం గులాబి, ట్యూబులైటు కింద కొంచెం పచ్చ. నలుపు తెలుపు ఫోటోకి రంగు ఎక్కడి నుంచి వచ్చింది? మా కంప్యూటర్ సార్‌ని అడిగితే ప్రింటరు మూత తీసి చూపించారు. మామూలు ఇంక్‌జెట్ ప్రింటరులో నాలుగు సిరాలుంటాయి: సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబి, పసుపు, నలుపు. మనం బూడిద రంగు అడిగితే ప్రింటరు నల్ల సిరా ఒక్కటే వాడదు. మూడు రంగుల సిరాలని కూడా కలిపి బూడిద తయారుచేస్తుంది. ఆ మూడింట్లో ఏ ఒక్కటి పిసరంత ఎక్కువైనా బూడిదకి ఆ ఛాయ వచ్చేస్తుంది. వెలుతురు మారితే ఒక్కో సిరా ఒక్కో రకంగా కనబడుతుంది కాబట్టి ఛాయ కూడా మారుతుంది. పెద్ద ల్యాబుల్లో యంత్రం అయితే కాగితం మీద సిరా పోయదు, వెలుతురు వేస్తుంది. ఆ కాగితంలోనూ నలుపు అనే పొర లేదు, మూడు రంగుల పొరలే. అక్కడా ఇదే తంటా.

ప్రింటరు సెట్టింగులో గ్రేస్కేల్ లేదా బ్లాక్ ఇంక్ ఓన్లీ అని ఉంటే దాన్ని పెట్టుకోవచ్చు. అప్పుడు నల్ల సిరా మాత్రమే పడుతుంది, రంగు ఛాయ పోతుంది. కానీ ఒకే సిరాతో లేత బూడిద తేవాలంటే చుక్కలని దూరం దూరంగా వేయాలి. అందుకని నుదురు, చీర లాంటి తెల్ల చోట్ల ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. బడి నోటీసుకి పరవాలేదు, ముఖానికి బాగుండదు. ఫోటోల కోసమే చేసిన కొన్ని ప్రింటర్లలో నలుపుతో పాటు బూడిద, లేత బూడిద సిరాలు వేరే ఉంటాయి. వాటితో రంగూ రాదు, ఇసుకా కనబడదు. మా ఊళ్ళో నాకు అట్లాంటిది దొరకలేదు. మా అక్క రోజూ బస్సులో బెంగళూరు కాలేజీకి పోతుంది, నలభై కిలోమీటర్లు. ఆమె అక్కడ ఒక ల్యాబు కనుక్కొని వచ్చింది.

అయితే ప్రింటరు కన్నా ముందు పని స్కాను. ప్రింటరు మంచిదైనా దానికి ఇచ్చేది మంచిది కాకపోతే లాభం లేదు.

మా ఫోటోకి ఒక చిక్కు ఉంది. ఏండ్ల తరబడి చెమ్మ తగిలి అది ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. పాత నలుపు తెలుపు ఫోటో మీద జెలటిన్ పొర ఉంటుంది, అందులోనే వెండి రేణువులుంటాయి. పదో తరగతి సైన్సులో సిల్వర్ బ్రోమైడ్ వెలుతురికి విడిపోయి వెండి అవుతుందని చదువుతున్నామే, ఆ వెండే ముత్తవ్వ జుట్టు, ముత్తవ్వ కండ్లు. జెలటిన్ చెమ్మకి మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది. అప్పుడు లాగితే బొమ్మ అద్దం మీద ఉండిపోయి తెల్ల కాగితం మన చేతికి వస్తుంది. మీ ఇంట్లో ఇట్లా అతుక్కున్న ఫోటో ఉంటే దయచేసి లాగవద్దు, తడపవద్దు, బ్లేడు పెట్టవద్దు. అద్దంతో పాటే స్కాను చేయాలి.

మేము చెక్క ఫ్రేము మాత్రం తీశాం. అప్పుడు ఒకటి బయటపడింది. ఫ్రేము అంచు కింద దాగిన చోట, ముత్తవ్వ మోకాలి పక్కన, చీర కుచ్చెళ్ళని పట్టుకున్న నాలుగు చిన్న వేళ్ళు. మనిషి లేడు, వేళ్ళు మాత్రమే ఉన్నాయి. నేను అవ్వకి చెప్పాను. అవ్వకి అవి కనబడలేదు కానీ ఎవరివో వెంటనే చెప్పింది. ఆమె చిన్న తమ్ముడివి. ఫోటోకి నిలబడమంటే ఏడ్చి పక్కకి పోయాడట. తర్వాతి సంవత్సరమే జ్వరం వచ్చి చనిపోయాడు. వాడిది వేరే ఫోటో లేదు. అవ్వ ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి ఈ పని నాకు సెలవుల్లో చేసే సరదా పనిగా లేదు.

బడి కంప్యూటరు గదిలో పలుచని స్కానరు ఉంది. దాని మీద అద్దంతో పాటు పెడితే మసకగా వచ్చింది. ఈ పలుచని రకం స్కానర్లకి వాటి గాజుకి ఆనుకుని ఉన్నది మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది. రెండు మిల్లీమీటర్లు పైన ఉన్నా మసకే. పాత లావు స్కానర్లలో కటకం, అద్దాలు ఉంటాయి కాబట్టి కొంచెం ఎత్తున ఉన్నది కూడా అందుతుంది. కోర్టు దగ్గర జిరాక్స్ అంగడిలో ఒక లావుది దుమ్ము పట్టి ఉంది. అంగడి అన్న తమిళంలో నవ్వుతూ ఏదో అన్నాడు, తర్వాత తెలుగులోనే “అది పని చేస్తాదో లేదో పాపా” అన్నాడు. మా హోసూరులో ఒక్క మాటలో మూడు భాషలు మారడం మామూలే. అది పని చేసింది.

ఎంత డీపీఐ పెట్టాలి అన్నదానికి లెక్క ఉంది. మంచి ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి. మాకు కావలసింది 8 అంగుళాలకి 12 అంగుళాలు. పాత ఫోటో 2కి 3. అంటే నాలుగు రెట్లు. 300ని నాలుగుతో గుణిస్తే 1200. అట్లా స్కాను చేస్తే 2400కి 3600 చుక్కలు వస్తాయి, సరిగ్గా సరిపోతుంది. నాయన 20కి 30 చేయిద్దాం, అవ్వకి బాగా కనిపిస్తుంది అన్నాడు. కానీ అవ్వ జబ్బులో చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది, నడిమి భాగం మిగులుతుంది. గొట్టంలోంచి చూసినట్టు అన్నమాట. గొట్టంలోంచి చూసేవాళ్ళకి గోడంత బొమ్మ పెడితే ముక్కు ఒకసారి, చెవి ఒకసారి కనిపిస్తాయి, ముఖం కనబడదు. మేము అట్టముక్కలు కోసి అవ్వ ముందు పట్టుకుని చూశాం. చేతి దూరంలో 8కి 12 అట్ట అంతా ఒకేసారి అందుతోంది. అదే ఖాయం చేశాం.

స్కాను రంగులోనే చేశాను, నలుపు తెలుపులో కాదు. దీనికి కారణం వినండి, ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన కిటుకు. ఫోటో ఇప్పుడు నిజంగా నలుపు తెలుపుగా లేదు. పసుపు తిరిగింది. ఒక మూల చెమ్మ మరక గోధుమ రంగులో ఉంది. ఫోటో కడిగేటప్పుడు వాడే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, పూర్తిగా కడగకపోతే అందులోని గంధకం ఏండ్ల మీద వెండిని పట్టుకుని పసుపు గోధుమగా మారుస్తుంది. రంగు స్కానులో ఎరుపు, పచ్చ, నీలం అని మూడు పొరలుంటాయి. పసుపు మరక నీలి వెలుతురుని మింగుతుంది, ఎర్ర వెలుతురుని వదిలేస్తుంది. అందుకని నీలం పొర ఒక్కటే చూస్తే మరక నల్లగా భయంకరంగా ఉంటుంది. ఎరుపు పొర ఒక్కటే చూస్తే మరక దాదాపు లేనట్టే. ఏ రబ్బరుతోనూ తుడవకుండానే పోయింది!

కానీ అంతా ఎరుపు పొరతో చేస్తే సరిపోదు. వెలిసిపోయిన బొమ్మ కూడా పసుపే గదా. చీర అంచు మీద గళ్ళు, తమ్ముడి వేళ్ళు బాగా వెలిసిపోయి ఉన్నాయి, అవి ఎరుపు పొరలో మాయమయ్యాయి. నీలం పొరలో బాగా ఉన్నాయి. అందుకని మరక ఉన్న మూల ఎరుపు పొర, వేళ్ళ దగ్గర నీలం, మిగతా అంతా పచ్చ పొర తీసుకుని అతికాను. అక్కకి ప్రభుత్వం ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాం. దాంట్లోనే ఇదంతా చేయవచ్చు.

ఇక్కడే ఇంకో మాట. మీరు రంగు ఫోటోని నలుపు తెలుపు చేయాలనుకుంటే ఈ పొరల సంగతి ఇంకా ముఖ్యం. ఎరుపు పొర తీసుకుంటే మనిషి చర్మం తెల్లగా నున్నగా వస్తుంది, నుదుట కుంకుమ మాత్రం మాయమైపోతుంది. ఎర్రది ఎరుపు పొరలో తెల్లగా కనిపిస్తుంది కాబట్టి. మా పిన్ని పెండ్లి ఫోటోతో చేసి చూపించాను, బొట్టు లేని పెండ్లికూతుర్ని చూసి ఇంట్లో అందరూ తిట్టారు. పచ్చ పొరలో కుంకుమ ముదురుగా నిలుస్తుంది.

మళ్ళీ ముత్తవ్వ దగ్గరికి. వెలిసిపోయిన ఫోటోలో కటిక నలుపు అనేది మిగలదు. మా స్కానులో అన్నిటికన్నా నల్లటి చోటు 58, అన్నిటికన్నా తెల్లటిది 205. లెవెల్స్ అనే పనిముట్టుతో 58ని 0కి, 205ని 255కి లాగితే ఫోటో ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది. ఫోన్‌లో ఆటో అని నొక్కితే కూడా ఇట్లాంటిదే చేస్తుంది, చాలామంది అక్కడితో ఆపేస్తారు. మనం ఎనిమిది బిట్ల స్కానుని ఇట్లా లాగితే మెట్ల నడుమ ఖాళీలు పడతాయి, నున్నటి చోట చారలు కనిపించవచ్చు. పదహారు బిట్లలో స్కాను చేస్తే ఆ భయం లేదు. ఫైలు పెద్దది అవుతుంది, అంతే.

అట్లా లాగినాక ముత్తవ్వ ముఖం 21 నుంచి 82 నడుమ పడింది. స్క్రీను మీద చాలా బాగుంది. కానీ కాగితం స్క్రీను కాదు. స్క్రీను తనే వెలుగుతుంది. కాగితం మీద ఎంత వెలుతురు పడితే దాంట్లో కొంతే తిరిగి ఇస్తుంది. ల్యాప్‌టాప్ వెలుగు పూర్తిగా పెంచుకుని ఫోటో సరిచేసేవాళ్ళకి ప్రింటు ఎప్పుడూ నల్లగానే వస్తుంది. మేము స్క్రీను పక్కన తెల్ల కాగితం పట్టుకుని, రెండూ ఒకే తెలుపుగా కనిపించేదాకా వెలుగు తగ్గించాం. అప్పుడు ముత్తవ్వ కండ్ల కింద, దవడ కింద అంతా చీకటి.

కాగితం ఎంత నలుపు చూపించగలదో తెలుసుకోవడానికి ఒక పట్టీ చేశాను. 0, 15, 30, 45 అని పదిహేను పదిహేను పెంచుతూ 255 దాకా పద్దెనిమిది గళ్ళు. అక్క దాన్ని బెంగళూరు ల్యాబులో రెండు కాగితాల మీద వేయించింది. మెరిసే కాగితం మీద రెండో గడి నుంచే తేడా తెలుస్తోంది. మెరవని మ్యాట్ కాగితం మీద 0, 15, 30 మూడూ ఒకే నలుపు. మెరిసేదే మంచిది అనిపిస్తుంది గదా. కానీ అవ్వ కండ్లకి మెరుపు పడదు. అద్దంలాంటి కాగితం మీద కిటికీ వెలుతురు పడితే ఆమెకి కిటికీయే కనబడుతుంది, బొమ్మ కాదు. కంటి డాక్టరమ్మ కూడా చెప్పింది, ఈ జబ్బులో దగ్గర దగ్గరగా ఉండే ఛాయలని విడదీసి చూసే శక్తి తగ్గుతుంది, మెరుపు ఉంటే ఇంకా కష్టం అని. కాబట్టి నలుపు కొంచెం తగ్గినా మ్యాట్ కాగితమే. అంటే ముత్తవ్వ ముఖంలో ఏదీ 30 కన్నా కిందికి పోకూడదు. పోతే అది ఉన్నా లేనట్టే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ముఖాన్ని పైకి ఎత్తాలి, ఎంత ఎత్తాలి? ఎత్తితే తెల్లబడుతుంది. బజారు షాపువాడు చేసిందీ అదే, వాడు 190 దాకా ఎత్తేశాడు. అవ్వ వద్దన్నదీ అదే. ఆన్సెల్ ఆడమ్స్ అని అమెరికాలో గొప్ప ఫోటోగ్రాఫర్ ఉండేవాడు, 1902లో పుట్టి 1984లో చనిపోయాడు. ఆయన నలుపు నుంచి తెలుపు దాకా 0 నుంచి 10 అని పదకొండు మెట్లు పెట్టుకుని ఫోటో తీసేవాడు. తెల్లవాళ్ళ ముఖం ఆరో మెట్టు మీద ఉండాలని లెక్క. ఆ లెక్క ఆయన ఊరివాళ్ళకి సరే. మా ముత్తవ్వని ఆరో మెట్టు ఎక్కిస్తే ఆమె ఇంకొకరు అయిపోతుంది. ఆమె ఉండాల్సింది మూడుకీ నాలుగుకీ నడుమ. నలుపుని పోగొట్టడం కాదు కావలసింది, ఆ నలుపు లోపల ఉన్న తేడాలని విడదీసి చూపించడం. ఎండలో పని చేసిన ముఖంలో నుదురు మీద ఒక నలుపు, బుగ్గ ఎముక మీద ఒక మెరుపు, కండ్ల కింద ఇంకో నలుపు ఉంటాయి. బూడిద మెట్లలో కింది భాగం అంతా వాటికే ఇవ్వాలి.

దానికి కర్వ్స్ అనే పనిముట్టు ఉంది. ఒక గీతని మనకి కావలసిన చోట పైకి, కావలసిన చోట కిందికి వంచవచ్చు. నేను జుట్టుని ఉన్నచోటే నల్లగా ఉంచి, ముఖాన్ని 45 నుంచి 118 నడుమకి తెచ్చాను. అంతకుముందు ముఖానికి అరవై మెట్లుంటే ఇప్పుడు డెబ్బై పైన దొరికాయి. ఆ మెట్లు ఊరికే రావు, ఎక్కడో తగ్గాలి. వెనక తెర మీద వేసిన తోట బొమ్మ నుంచి తీసుకున్నాను. తోట కొంచెం చప్పబడింది. ఆ తోట కోసం ఎవరూ ఏడవరు.

రంగు లేకపోతే ఏం బాగుంటుంది అని మా తమ్ముడు అడుగుతుంటాడు. వాడికి ఫోన్ యాప్‌లో రంగులు వేసేయాలని తొందర. మాయాబజార్ 1957లో వచ్చింది, 2010లో రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. అవ్వ రెండూ చూసింది. పడవ పాటలో వెన్నెల పాతదాంట్లోనే బాగుంది అంటుంది. ఆ సినిమాకి కెమెరా మార్కస్ బార్‌ట్లే. ఆయన వెన్నెలంతా బూడిద రంగే, అయినా ఎవరికీ అది బూడిదలా అనిపించదు. యాప్ వేసే రంగు యాప్ ఊహ. ముత్తవ్వ చీర అంచు ఎరుపో పచ్చో అవ్వకే సరిగ్గా గుర్తులేదు, యాప్‌కి ఎట్లా తెలుస్తుంది?

ఒకే ఒక కర్వు నమ్ముకుని పెద్ద ప్రింటు వేయించడం కన్నా, ఒకే 8కి 12 కాగితం మీద నాలుగు 4కి 6 ముక్కలు వేయించడం మేలు. నాలుగింటిలోనూ ముఖమే, నాలుగు రకాల నలుపు. డబ్బు ఒక ప్రింటుదే. ల్యాబుకి ఫైలుని వాట్సాప్‌లో ఫోటోగా పంపకూడదు, అది ఫోటోని చిన్నది చేసి పిండేస్తుంది. డాక్యుమెంటుగా పంపాలి లేదా పెన్‌డ్రైవులో ఇవ్వాలి. మీ యంత్రంలో ఆటో కరెక్షన్ ఆపేయండి అని కూడా చెప్పాలి. లేకపోతే మనం మెట్టు మెట్టుగా సరిచేసిందాన్ని యంత్రం ఒక్క క్షణంలో తన ఇష్టానికి మార్చేస్తుంది.

నాలుగు ముక్కలు వచ్చాయి. పొద్దున ఎనిమిది గంటలకి, పడసాలలో తలుపు పక్కన, అవ్వ రోజూ కూర్చునే చోటే ఒక్కొక్కటి చేతికి ఇచ్చాను. ప్రింటుని అది ఉండబోయే వెలుతురులోనే చూడాలి గదా. ఏది ఏదో చెప్పలేదు. మొదటిది చూసి, “చీకట్లో ఉండాది” అంది. నాలుగోది చూసి, “ఇది మళ్ళా దొరసాని”. రెండోది చాలాసేపు పట్టుకుంది. మూడోది తీసుకుని, ముక్కుకి దగ్గరగా పెట్టుకుని, వేలితో దవడ కింద తడిమి, “మచ్చ ఉండాది. కమ్మ వేరేగా, చెవి వేరేగా తెలస్తాంది” అంది. రెండోదీ మూడోదీ మళ్ళీ మళ్ళీ మార్చి చూసింది. నాకు, అక్కకి రెండోది నచ్చింది, అది ఇంకా నిజంగా ఉంది. అవ్వ మూడోదే కావాలంది. చూడాల్సింది ఆమె కండ్లు, మా కండ్లు కాదు. అందుకని మూడోదే. అందులో ముఖం అసలు ఫోటో కన్నా కొంచెం లేతగా ఉంది, అది నాకు తెలుసు. అవ్వకి కనబడాలంటే అంత అవసరం, అంతకు మించి అవసరం లేదు. ఎక్కడ ఆపాలో నాకు కంప్యూటరు చెప్పలేదు, మచ్చ చెప్పింది.

వేళ్ళ సంగతి మాత్రం నేనే తేల్చాను. ఫోటో మొత్తం వేయిస్తేనే అవి ఉంటాయి. ముఖం ఇంకా పెద్దది కావాలంటే కింద కత్తిరించాలి. ఫోటో షాపుల్లో అందరూ నడుము దాకానే ఉంచుతారు. మేము కత్తిరించలేదు. వేళ్ళ చుట్టూ ఉన్న చీరని మాత్రం రెండు మూడు మెట్లు తెల్లగా చేశాను, వేళ్ళు ఎత్తి కనిపించడానికి. కొత్తగా ఏమీ గీయలేదు.

పెద్ద ప్రింటు వచ్చినాక ఫ్రేము కట్టించేటప్పుడు ఇంకో పోరాటం. ఫ్రేము అన్న ప్రింటుని నేరుగా అద్దానికి ఆనించి మేకులు కొడతానన్నాడు. పాతది అతుక్కుపోయింది అట్లానే గదా. నడుమ అట్ట అంచు పెట్టి అద్దానికీ కాగితానికీ కొంచెం ఎడం ఉంచమని నాయన గట్టిగా చెప్పాడు. నలభై రూపాయలు ఎక్కువ. ప్రింటు ఎండ పడని గోడకి ఉండాలి, దీపం పొగ నేరుగా తగలకూడదు. అవ్వ దేవుడి మూల పెట్టమంది. మేము ఆ మూల పక్క గోడకి పెట్టాం. కుంకుమ, గంధం అద్దం మీద ముఖానికి కాకుండా ఫ్రేము చెక్క మీద పెడుతుంది, ముఖం కప్పుకుపోతుందని ఆమే అలా మార్చుకుంది. అసలు చిన్న ఫోటోని అద్దంతో సహా గుడ్డలో చుట్టి బీరువాలో ఉంచాం. స్కాను ఫైలు టిఫ్ రూపంలోనే అక్క దగ్గర ఒకటి, పెద్దనాయన దగ్గర ఒకటి ఉన్నాయి. జేపెగ్ అయితే మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంచెం కొంచెం పోతుంది.

ఈ పని సంగతి వీధిలో తెలిసింది. పక్కింటి అత్త వాళ్ళ మామగారి పెండ్లి ఫోటో తెచ్చింది. 1950ల నాటిది అంట. దాని మీద తెల్లగా బూజు పట్టింది. అర్ధ సంవత్సరం పరీక్షలు అయ్యాక చూస్తానని చెప్పాను. బూజుని తడిగుడ్డతో తుడవవద్దని, గాలి తగిలే పొడి చోట పెట్టమని మాత్రం ముందే చెప్పి పంపాను. ఆ ఫోటోలో తాత కోటు నల్లది, ఆయనా నలుపే. ముఖానికీ కోటుకీ నడుమ ఎన్ని మెట్లు మిగిలున్నాయో ఇంకా చూడాలి.